ఆ చప్పుడు ఎప్పుడొస్తోంది?

మొన్న ఆదివారం రాయగడ నుంచి ఒక తమ్ముడు వాట్సాప్‌లో 19 సెకన్ల క్లిప్ పంపాడు. ఇంజిన్ పక్కన ఫోను పెట్టి తీసిన చప్పుడు. "అన్నా, టకటకమంటోంది. టాపెట్లా, టైమింగ్ చైనా?" అని కింద రాశాడు. టాపెట్లు ఇంజిన్‌లో వాల్వుల్ని నొక్కేవి, టైమింగ్ చైను ఆ వాల్వుల్ని వేళకి ఆడించేది. మూడుసార్లు విన్నాను. ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఇంకోసారి విన్నాను. "ఎప్పుడు?" అని ఒక్క ముక్క రాశాను. "ఎప్పుడేంటన్నా, ఇప్పుడే తీశా" అన్నాడు. నేనడిగింది అది కాదని చెప్పేలోపే "పోనీలే, మెకానిక్‌కే చూపిస్తా" అని ముగించేశాడు. పెద్దరికం చూపించానని అనుకున్నట్టున్నాడు.

అతనికి వాట్సాప్‌లో చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతాను. పాత బండి ఇంజిన్‌లో కొత్త చప్పుడు వినపడితే అది ఎలా ఉందో వర్ణించే పని పక్కన పెట్టండి. ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు ఆగుతోంది, ఏం చేస్తే మారుతోంది, ఇవి రాసుకోండి. ఆ కాగితం చేతిలో లేకుండా ఎవరి చేతా ఇంజిన్ విప్పించకండి. నేను మూడు నెలలు తిరిగి, డబ్బు వదిలించుకుని, ఒక తప్పు కూడా చేసి ఇక్కడికి వచ్చాను. ఆ తప్పు సంగతి చివర్లో.

సుంకి ఘాట్‌లో

నాది 2009 మోడల్ టూరింగ్ బండి. సింగిల్ సిలిండరు, కార్బురేటర్, 86 వేల కిలోమీటర్లు. కంపెనీ పేరు చెప్పను. చెబితే దాని అభిమానులూ, దాన్ని చూస్తే గిట్టనివాళ్లూ కలిసి మీద పడతారు.

మొన్నటి దసరా అయ్యాక విజయనగరం నుంచి ఒడిశాలోని జయపురం వస్తున్నాను. సాలూరు దాటి సుంకి వైపు ఎక్కుతుంటే ముందు లోడు లారీ, వెనక ఇంకో లారీ. ఓవర్‌టేక్ చేసే దారి లేదు. రెండో గేరులో నడిచినట్టు పోతున్నాను. ఎడమ పక్కన కొండని తొలిచిన రాతిగోడ. అక్కడ వినపడింది. టిక్, టిక్, టిక్. గోడ అయిపోయి లోయ వచ్చేసరికి పోయింది. మళ్లీ గోడ, మళ్లీ టిక్. గుండెల్లో రాయి పడింది.

ఇప్పుడు తీరిగ్గా ఆలోచిస్తే అర్థమవుతోంది. ఆ చప్పుడు ఆ రోజు పుట్టలేదు. ఆ రోజు గోడకి తగిలి నా దగ్గరికి తిరిగొచ్చింది, అంతే. రెండేళ్లుగా నేను హెల్మెట్‌లో బ్లూటూత్ హెడ్‌సెట్ పెట్టుకుని పాటలు వింటూ నడుపుతున్నాను. ఆ రోజు దాని ఛార్జింగ్ అయిపోయింది. కాబట్టి "ఎప్పటి నుంచి?" అన్న ప్రశ్నకి నా దగ్గర నిజమైన జవాబు లేదు. నేను విన్న రోజు మాత్రమే తెలుసు. మెకానిక్ దగ్గరికి వెళ్లి "మొన్నటి నుంచే" అని ధీమాగా చెప్పాను. మొదటి అబద్ధం అదే. తెలియక చెప్పినా అబద్ధమే.

టిక్ అన్నవాడికి ఒకటి, ఖడ్ అన్నవాడికి ఇంకొకటి

మనకి చప్పుళ్ల మాటలకి కరువు లేదు. టకటక, కటకట, లొటలొట, గలగల, గరగర, కిరకిర, దడదడ. మా అమ్మ వంటింట్లోంచే హాల్లో ఫ్యాను కిరకిరమంటోందా గరగరమంటోందా చెప్పేస్తుంది. ఈ సంపద చూసి నేనూ మురిసిపోయేవాణ్ని. బండి దగ్గర మాత్రం అదే కొంప ముంచింది.

జయపురం 1936 దాకా విశాఖపట్నం జిల్లాలోదే. ఇప్పటికీ బజారులో ఒక వాక్యం తెలుగులో మొదలై ఒడియాలో ముగుస్తుంది. అదే చప్పుడు నేను విని టిక్ టిక్ అన్నాను. మా ఆవిడ టకటక అంది. షెడ్డులో కుర్రాడు ఖడ్‌ఖడ్ అన్నాడు. ఎదురింటి మాస్టారు, ఆయనకి బండి కూడా లేదు, "లోపల ఏదో లొడుగుతోంది" అని తేల్చేశారు. నలుగురికీ చెవులు బాగానే ఉన్నాయి. తేడా అంతా మాటలో ఉంది. ఆ మాట వెంట పార్టు పేరు వచ్చేస్తుంది, ఇబ్బంది అక్కడ. టిక్ అంటే టాపెట్ గుర్తొస్తుంది. ఖడ్‌ఖడ్ అంటే టైమింగ్ చైను గుర్తొస్తుంది. దడదడ అంటే క్రాంకు, పిస్టను ఆడితే తిరిగే ఇరుసు. అంటే రోగం పేరు నేను నోరు తెరిచినప్పుడే ఖాయమైపోయింది. ఆ తర్వాత జరిగిందంతా దానికి మందు రాయడమే.

మొదటి షెడ్డులో ఖడ్‌ఖడ్ గెలిచింది. టైమింగ్ చైను, టెన్షనరు మార్చారు. టాపెట్లు కూడా "టైట్" చేశారు. పనిలో పనిగా ఇంజిన్ ఆయిల్ మార్చారు. మొత్తం 3,600. రెండు రోజులు బండి పట్టులా నడిచింది. మూడో రోజు పొద్దున టిక్ టిక్ మళ్లీ హాజరు. ఆ రెండు రోజుల నిశ్శబ్దం కొత్త ఆయిల్‌ది కావొచ్చు, కాకపోవచ్చు. పాత ఇంజిన్‌లో కొత్త నూనె పోస్తే చాలా చప్పుళ్లు కొన్నాళ్లు నోరు మూసుకుంటాయి. అందుకే ఒకేసారి మూడు పనులు చేయిస్తే ఏ పని వల్ల ఏం మారిందో దేవుడికి కూడా తెలియదు.

టాపెట్ల సంగతి ఇంకా ఘోరం. అది అతని తప్పని కూడా అనలేను. "చప్పుడు తగ్గాలి" అని నేనే అన్నాను. తగ్గించాడు. వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య గ్యాపు ఉండాలి. మిల్లీమీటరులో పదో వంతు అటూ ఇటూ, ఏ బండికెంతో దాని మాన్యువల్లో ఉంటుంది. ఆ గ్యాపు ఉన్నంతకాలం కొద్దిగా చప్పుడు తప్పదు. దాన్ని చంపడానికి గ్యాపు మూసేస్తే వేడెక్కాక వాల్వు పూర్తిగా కూర్చోదు. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని సీటు మీద కూర్చున్నప్పుడే హెడ్‌లోకి, అంటే ఇంజిన్ పైభాగంలోకి, వదిలించుకుంటుంది. కూర్చోకపోతే అంచు కాలిపోతుంది. చప్పుడు చేస్తున్న టాపెట్ కన్నా చప్పుడు చేయని టాపెట్‌కి ఎక్కువ భయపడాలని పాత మిస్త్రీలు అందుకే అంటారు. నేను డబ్బిచ్చి నిశ్శబ్దం కొనుక్కున్నాను. పొద్దున్న సెల్ఫ్ కొడితే బండి దగ్గడం మొదలెట్టింది.

రెండో మెకానిక్ విశాఖలో. పెద్ద షాపు, ఏసీ గది, టోకెన్ నంబరు. నిమిషం విన్నాడు. "హాఫ్ ఇంజిన్ చెయ్యాలి సార్, బోరు, పిస్టన్, హెడ్. పదకొండు వేలు" అన్నాడు. నాకు అనుమానం వచ్చింది. నిమిషంలో ఎలా తెలుస్తుందని ఇంటికొచ్చేశాను. ఆ అనుమానం సగం సరైనది, సగం కాదు. దాని సంగతి కూడా చివర్లో.

మౌసా అడిగిన మాట

సెమిలిగుడ దగ్గర రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. ఎక్కువగా పంపుసెట్లు, పవర్ టిల్లర్లు బాగుచేస్తారు. నడిపే ఆయన ఒడియా మనిషి, అరవై దాటాయి, తెలుగు మాట్లాడతారు కానీ చదవరు. అందరూ మౌసా అంటారు, నేనూ అంతే. ఎవరో చెబితే వెళ్లాను.

"మౌసా, టిక్ టిక్ అంటోంది" అన్నాను.

"కెతెబెళె?"

ఎప్పుడు అని. "కెమితి" అని, అంటే ఎలా ఉందని, అడుగుతారనుకుని నేను నోటితో టిక్ టిక్ కొట్టి చూపించడానికి సిద్ధంగా ఉన్నాను. "ఎప్పుడూ వస్తోంది" అన్నాను.

"ఎప్పుడూ వచ్చే చప్పుడు ఉండదు బాబూ. చూసి, రాసుకుని రా" అని పవర్ టిల్లర్ వైపు తిరిగిపోయారు. బండి వైపు కన్నెత్తి చూడలేదు. నాకు నిజంగా చిన్నతనం అనిపించింది. మొన్న రాయగడ తమ్ముడికి అనిపించినట్టే.

ఏం రాయాలో ఆయన చెప్పలేదు. నాలుగు రోజులు తిరిగితే నాకే తెలిసింది. మొదటిది చలి, వేడి. రాత్రంతా నిలబెట్టిన బండి మొదటి కిక్‌లోనే అంటోందా, పది కిలోమీటర్లు పోయాక అంటోందా? చల్లగా ఉన్నప్పుడు ఉండి వేడెక్కితే పోయేవాటిలో అరిగిన పిస్టను బోరులో అటూ ఇటూ తగిలే చప్పుడు ఒకటి, ఎక్కడో గ్యాస్ కారుతుంటే వచ్చేది ఇంకొకటి. లోహం వ్యాకోచించి సందు మూసుకుంటుంది. వేడెక్కాక పెరిగేవి వేరే జాతి. వాటికి భయపడాలి.

రెండోది క్లచ్. న్యూట్రల్‌లో బండి ఆడుతుండగా క్లచ్ పట్టండి. చప్పుడు పోతే హెడ్ వైపు చూడనక్కర్లేదు. క్లచ్ పట్టగానే గేరుబాక్సులోకి వెళ్లే షాఫ్టు తిరగడం తగ్గుతుంది కాబట్టి రోగం క్లచ్ బాస్కెట్‌లోనో గేరుబాక్సు బేరింగులోనో ఉంటుంది. ఖర్చు లేని పరీక్ష, మూడు సెకన్ల పని. మొదటి షెడ్డులో నేను ఇది చేసి ఉంటే కనీసం మాట్లాడటానికి ఒక ముక్క ఉండేది.

మూడోది నాకు బాగా నచ్చింది. సెమిలిగుడ, సునాబెడ మధ్య కాస్త సమంగా ఉన్న రోడ్డు మీద 40 వేగంలో మూడో గేరులో పోయి, అదే 40లో నాలుగో గేరు వేశాను. చప్పుడు వేగం తగ్గితే అది ఇంజిన్‌లోది. తగ్గకపోతే చక్రాల వైపుది, అంటే వెనక చక్రాన్ని తిప్పే చైను, స్ప్రాకెట్, చక్రం బేరింగు. నాది తగ్గింది. ఇంజిన్‌దే. అదే రోజు మరో బుల్లి చప్పుడు దొరికింది, గేరుతో సంబంధం లేనిది. వెనక సంచుల స్టాండుకి ఒక బోల్టు ఊడి వాషరు ఎగురుతోంది. టూరింగ్ బండి అన్నాక స్టాండులూ గార్డులూ దీపాలూ తగిలించి చెట్టు మీద కాకిగూడు చేసుకుంటాం. అవన్నీ ఏదో ఒక ఆర్‌పీఎం దగ్గర పాడతాయి. ఇంజిన్ విప్పే ముందు వాటిని ఒక్కొక్కటీ చేత్తో నొక్కి పట్టుకుని చూడటం సిగ్గుపడాల్సిన పని కాదు.

నాలుగోది రేజ్. తెరిచినప్పుడా, వదిలేసినప్పుడా, తెరిచీ తెరవగానే ఆ ఒక్క క్షణంలోనా? ఘాట్ రోడ్డున్న ఊళ్లో ఈ పరీక్షకి లోటు లేదు. జయపురం నుంచి కొరాపుట్ ఎక్కడం అంతా రేజ్, దిగడం అంతా వదిలేయడం.

ఇక టీ కొట్టు దగ్గర ఎవరు విన్నా "ఈ ఇథనాల్ పెట్రోలు వల్లే" అంటున్నారు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మీద నాకూ ఫిర్యాదులున్నాయి. పాత కార్బురేటర్ దానికి తగ్గట్టు మిశ్రమం తనంతట తను మార్చుకోలేదు, పాత రబ్బరు పైపులకి మంచిది కాదు. కానీ ఇథనాల్‌కి ఆక్టేన్, అంటే వేళకి ముందే పేలిపోకుండా తట్టుకునే గుణం, ఎక్కువ. గవ్వలు డబ్బాలో వేసి ఊపినట్టు వచ్చే ఆ నాకింగ్ చప్పుడుని అది పెంచదు. అయినా దానికీ "ఎప్పుడు" ఉంది. ఎత్తు మీద పెద్ద గేరులో ఈడ్చినప్పుడు వస్తుంది, గేరు తగ్గిస్తే పోతుంది. చూశాను. నాది అది కాదు.

ఫోను వినేది వేరు

క్లిప్ పంపేవాళ్ల మీద నాకు కోపం లేదు. నేనూ పంపాను, పద్నాలుగు మందికి. తొమ్మిది రకాల జవాబులొచ్చాయి. కానీ ఫోను మైకు మనిషి గొంతు కోసం చేసింది. మెల్లని చప్పుడుని పెంచుతుంది, గట్టిదాన్ని తగ్గిస్తుంది. అందువల్ల గోటితో తట్టినదీ సుత్తితో కొట్టినదీ వినేవాడికి ఇంచుమించు ఒకటే. లోతుగా గుబ్‌గుబ్ అనే చప్పుడు, అంటే నిజంగా భయపడాల్సినది, ఆ చిన్న స్పీకరులోంచి దాదాపు రాదు. పైగా ఆ 19 సెకన్లూ బండి స్టాండు మీద ఊరికే ఆడుతుంటుంది. క్లచ్ లేదు, లోడు లేదు, ఎత్తు లేదు. అంటే "ఎప్పుడు" అంతా కోసేసి "ఎలా" ఒక్కటీ పంపుతున్నాం, అది కూడా వంకరగా.

ఒక లెక్క చెప్పనా. నా బండి ఐడ్లింగ్‌లో నిమిషానికి 1,400 తిప్పులు. క్రాంకు సెకనుకి 23 సార్లు తిరుగుతుంది. వాల్వుల్ని తెరిపించే క్యామ్ దానిలో సగం, పదకొండు పన్నెండు సార్లు. టాపెట్ చప్పుడు క్యామ్ లెక్కన రావాలి, క్రాంకు చప్పుడు క్రాంకు లెక్కన. ఇది తెలిసి నేను చాలా సంబరపడ్డాను, లెక్కపెట్టి తేల్చేయొచ్చని. సెకనుకి పన్నెండు ఎవరు లెక్కపెడతారు? ఐడ్లింగ్ స్క్రూ తిప్పి బండి ఆగిపోయేంతగా తగ్గించినా ఎనిమిది. నాకు వచ్చింది తలనొప్పి.

స్క్రూడ్రైవర్ కొన ఇంజిన్‌కీ, పిడి చెవి వెనక ఎముకకీ ఆనించి వినడం మీద కూడా నాకు గొప్ప నమ్మకం ఉండేది. 1816లో లాయెనెక్ అనే ఫ్రెంచి డాక్టరు కాగితం చుట్ట రోగి గుండెకి ఆనించి విన్నదీ ఇదే సూత్రం కదా. మా పెద్ద మావయ్య ఆ నమ్మకం మీద నీళ్లు పోశాడు. ఆయన సునాబెడ హెచ్‌ఏఎల్‌లో పనిచేసి రిటైరయ్యాడు. మిగ్ విమానాల ఇంజిన్ల కోసం 1964లో పెట్టిన ఫ్యాక్టరీ అది. మిగ్-21లకి 2025 సెప్టెంబరులో వీడ్కోలు చెప్పారని టీవీలో చూసి రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

"ఏటిరా, డాక్టరువా?" అన్నాడు స్క్రూడ్రైవర్ చూసి. "అల్యూమినియం ముద్ద అది. ఒక మూల కొడితే అన్ని మూలలా వినపడుతుంది. మనిషికి పక్కటెముకలున్నాయి, గుండె ఎక్కడుందో తెలుసు. దీనికి ఏటి తెలుసు నీకు?"

"మరి మీరెలా కనిపెట్టేవారు మావయ్యా?"

"నూనె చూసేవాళ్లం."

విమానం ఇంజిన్‌లో నూనె తిరిగే దారిలో అయస్కాంతం ప్లగ్గు ఉంటుంది. బేరింగు రాలితే ఉక్కు పొట్టు దానికి అంటుకుంటుంది. నూనె శాంపిల్ తీసి అందులో ఏ లోహం ఎంతుందో కూడా చూస్తారు. చప్పుడు చెవికి చేరేసరికే ఆలస్యమైనట్టని ఆయన లెక్క. పాత రేడియో స్పీకరులోంచి పీకిన అయస్కాంతం ఒకటి ఇచ్చాడు. తెచ్చి డ్రాయర్లో పడేశాను. వాడింది మూడు వారాల తర్వాత.

రెండు అభ్యంతరాలు

ఇదంతా విన్నవాళ్లు రెండు మాటలంటారు. రెంటిలోనూ బలముంది.

ఒకటి: చెయ్యి తిరిగిన మెకానిక్‌కి ఈ పుస్తకాలూ లెక్కలూ అక్కర్లేదు, వినగానే చెప్పేస్తాడు. నిజమే, అలాంటివాళ్లున్నారు. వాళ్ల చెవులు చూడకండి, చేతులు చూడండి. మాట్లాడుతూనే క్లచ్ పట్టి వదులుతారు. రేజ్ ఇచ్చి ఠక్కున వదులుతారు. బండి మీద కూర్చుని ముందుకీ వెనక్కీ ఊపుతారు. ఇంజిన్ మీద చెయ్యి వేసి ఎంత వేడిగా ఉందో చూస్తారు. మనకి ఊరికే వింటున్నట్టు కనిపిస్తుంది. ఆ అర నిమిషంలో "ఎప్పుడు" అని ఆరుసార్లు అడిగేశారు, బండిని. నన్నడిగితే కాలం వృథా అని వాళ్లకి తెలుసు.

రెండోది గట్టిది. నువ్వు పుస్తకం రాస్తూ కూర్చుంటే ఈలోపు ఇంజిన్ పోతే? నా స్నేహితుడొకడు "ఇంకో వారం చూద్దాం" అనుకుని నబరంగ్‌పూర్ బయలుదేరాడు. బొరిగుమ్మ దాటాక పిస్టన్నీ క్రాంకునీ కలిపే కనెక్టింగ్ రాడ్ విరిగి ఇంజిన్ కేసుకి చిల్లు పెట్టింది. రోడ్డంతా నూనె. వెనక చక్రం జారకపోవడం అతని అదృష్టం. ఆ మాట గుర్తున్నప్పుడల్లా నా వాదన కొంచెం వెనక్కి జరుగుతుంది. వెనక్కి జరిగి ఎక్కడ ఆగుతుందంటే, లోతైన చప్పుడు వేడెక్కాక పెరుగుతూ, రేజ్ తెరిచినప్పుడు గట్టిగా కొడుతుంటే పుస్తకం మూసేయండి. బండి ఆపేయండి. ఇంటికి కూడా తోలకండి, ఆటో ట్రాలీ పిలవండి. కానీ అది కూడా "ఎప్పుడు" చూస్తేనే కదా తెలిసేది అని నా మొండి మనసు అంటుంది. అననివ్వండి.

కొట్టేసిన మూడు లైన్లు

పదమూడు రోజులు రాశాక పుస్తకం పట్టుకుని మౌసా దగ్గరికి వెళ్లాను. తెలుగులో రాసింది. ఆయన చదవలేరు. చదివి వినిపించబోయాను.

"పొద్దున స్టార్ట్ చేయగానే గట్టిగా. ఆరు కిలోమీటర్లకి తగ్గింది. క్లచ్‌తో మార్పు లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు ఉంది. కొరాపుట్ నుంచి దిగేటప్పుడు లేదు, కానీ సైలెన్సర్‌లో ఫట్ ఫట్ అంటోంది."

ఆయన తల ఊపుతూ పుస్తకంలో ఒక చోట వేలు పెట్టారు. అక్కడ అడ్డంగా గీత. తర్వాతి పేజీలో ఇంకోటి. ఆ వెనక ఇంకోటి. అక్షరాలు రాని మనిషికి నా పుస్తకంలో కనిపించినవి ఆ గీతలే.

"ఇవెందుకు కొట్టేశావు?"

"తప్పు రాశాను మౌసా. మిగతావాటితో పొసగట్లేదు."

"ఏం రాశావు?"

చదివాను. "బాగా వేడెక్కాక పొట్టంగి దగ్గర గట్టిగా." "రేజ్ తెరవగానే, లోతుగా." "వేడి మీద ఎక్కువ. నిన్నటికి వ్యతిరేకం. సరిగా వినలేదేమో."

మౌసా నా వైపు చూశారు. ఒక్క చప్పుడే ఉందని ఎవరు చెప్పారు అని అడిగారు.

నా తప్పు ఇదే. మొదటి రోజు టిక్ టిక్ అని పేరు పెట్టాను. పదమూడు రోజులు ఆ పేరుకి సరిపోయేదే విన్నాను. సరిపోనిది చెవిన పడితే చెవిదే తప్పనుకుని కొట్టేశాను. మాట పార్టుని లాక్కొస్తుందని పైన పెద్ద ఉపన్యాసమిచ్చానే, అదే పని నేను పుస్తకంలో కూర్చుని చేశాను. "ఎప్పుడు" రాస్తూనే, "ఎలా" చెప్పినట్టు విన్నాను.

మొదటి చప్పుడు ఆయన పావుగంటలో తేల్చారు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి సైలెన్సర్ మూతికి తడిగుడ్డ అడ్డం పెట్టారు. బెండ్ పైపు హెడ్‌కి కలిసే చోట టిక్ టిక్ ఒక్కసారిగా గట్టిగా వచ్చింది. అక్కడ ప్యాకింగ్ పోయింది, చుట్టూ నల్లగా మసి. నెలలుగా కళ్ల ముందున్న మసి. దిగేటప్పుడు ఆ సందులోంచి గాలి లోపలికి పోయి సైలెన్సర్‌లో ఫట్‌మంటోంది. ప్యాకింగ్ 80 రూపాయలు. టాపెట్లు కూడా సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి సరైన గ్యాపుకి వదులు చేశారు. బండి పొద్దున్నే దగ్గడం మానేసింది.

టిక్ టిక్ పోయాక రెండోది స్పష్టంగా వినపడింది. ఇంటికి తోలుకెళ్లలేదు. నూనె పాత పంచె గుడ్డలో వడకట్టి మావయ్య అయస్కాంతం తిప్పాను. బూడిదరంగు మెత్తటి పేస్టు కొంచెం అంటుకుంది, అది పాత ఇంజిన్‌లో మామూలే. దాంతోపాటు రెండు పెచ్చులు, గోరు చివరంత, మెరుస్తూ. అల్యూమినియం అయితే అయస్కాంతానికి అంటుకోదు. ఇవి అంటుకున్నాయి.

ఇంజిన్ విప్పారు. కనెక్టింగ్ రాడ్ పక్కకి కాస్త ఊగడం మామూలే. పైకీ కిందకీ అసలు కదలకూడదు. నాది కదిలింది, చేత్తోనే తెలిసేంత. క్రాంకు విజయనగరంలో లేత్ షాపుకి వెళ్లింది. ప్రెస్సు మీద విడదీసి, కొత్త రాడ్ కిట్, అంటే రాడ్డూ దాని కింది బేరింగూ, ఎక్కించి, సరిచూసి పంపారు. బోరు కూడా అరిగింది, అదీ చేయించాం. మొత్తం 14,500.

అంటే నిమిషంలో "హాఫ్ ఇంజిన్" అన్న విశాఖ మెకానిక్ నాకన్నా నిజానికి దగ్గరగా ఉన్నాడు. ఇది ఒప్పుకోవడానికి నాకు కొన్నాళ్లు పట్టింది. అతని మాట విని ఉంటే కొత్త పిస్టను కింద ఆ పాత బేరింగు అలాగే ఉండేది. కొత్త కంప్రెషన్ దాన్ని ఎన్నాళ్లు ఉండనిచ్చేదో తెలియదు. కానీ ఇంజిన్ లోపల నిజంగా ఏదో అరిగిందని అతను అన్నాడు, నేను నమ్మలేదు. ఆ పదమూడు రోజులూ నేను కొరాపుట్ ఘాట్ ఎక్కి దిగింది కూడా ఆ బేరింగు మీదే. మావయ్య దాని రోలర్లు పేపరు మీద పోసి వేలితో దొర్లించి చూశాడు. కొన్ని గుండ్రంగా దొర్లాయి, కొన్ని టకటకమని ఆగి ఆగి దొర్లాయి.

"ఎప్పుడు మొదలయ్యుంటుంది మావయ్యా?"

"నువ్వు పాటలు వింటున్నప్పుడు" అన్నాడు.

ఇప్పుడు 310 కిలోమీటర్లు తిరిగాను. 500 దాకా 50 దాటొద్దన్నారు, అక్కడ నూనె మార్చి మళ్లీ అయస్కాంతం తిప్పాలి. లారీలన్నీ హారన్ కొట్టి దాటిపోతున్నాయి. సుంకి రాతిగోడ పక్కన మాత్రం కావాలనే ఇంకా మెల్లగా పోతున్నాను. హెడ్‌సెట్ అల్మారాలో ఉంది, ఛార్జింగ్ పెట్టలేదు.